కారు కింద ఎర్ర చుక్క

పెళ్లి పందిరి ముందు పెద్ద కారు ఆగితే ఊళ్లో పదిమంది చుట్టూ చేరడం పరిపాటి. ఆ కారు కదిలి వెళ్లాక నేల మీద మిగిలిన మరకను మాత్రం ఎవరూ పట్టించుకోరు. రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. ఎవరో తాంబూలం ఉమ్మారనుకుంటారు. పారాణి ఒలికిందనుకుంటారు. వేలితో తాకితే జారుతుంది, వాసన చూస్తే నూనె. కారు గేరు పెట్టెలోంచి కారిన నూనె. ఆ మరకను ఆ పూటే చూసి, అదేమిటని అడిగి ఉంటే వేలల్లో తేలిపోయే పని, ఆరు నెలల తర్వాత లక్షల మీదికి వస్తుంది. జిల్లాలో పెద్ద కార్లు కొన్న ఆసాములు చాలామంది గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకునేది ఇక్కడే.

ఇటువంటి కార్లు పల్లెలకు రావడానికి కారణం లేకపోలేదు. కొత్తగా ఉన్నప్పుడు అరకోటి పలికిన బెంజి కారో, బి.ఎం.డబ్ల్యు. కారో పది పన్నెండేళ్లు తిరిగేసరికి ఒక మామూలు కొత్త కారు ధరకే దొరుకుతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో చేతులు మారి, చివరికి రొయ్యల చెరువులవారి ఇంటికో, మిర్చి వ్యాపారి గడపకో, ఊరి కాంట్రాక్టరు షెడ్డులోకో చేరుతుంది. కొనడంలో తప్పు లేదు. కష్టపడి సంపాదించినవాడు మెత్తని సీటులో కూర్చోవాలనుకుంటే కాదనేవారెవరు? కానీ కారు ధర తగ్గింది గాని, దాని మరమ్మతు ధర తగ్గలేదు. ఏనుగు చవగ్గా దొరికినా మేత మాత్రం ఏనుగు మేతే.

ఈ కార్లలో క్లచ్చి పెడలు ఉండదు. గేర్లు వాటంతట అవే మారతాయి. ఆ మార్చే పనంతా చేసేది నూనె. ఇంగ్లీషు పేరు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. షెడ్లలో పొట్టిగా ఏటీఎఫ్ అంటారు. ట్రాక్టరు గేరు పెట్టెలో పోసే నూనెకు పళ్లచక్రాలు అరగకుండా చూడటమే ముఖ్యమైన పని. ఏటీఎఫ్‌కు అది ఒక పని మాత్రమే. ఇంజను తిప్పిన తిప్పుడును చక్రాల వైపు మోసుకుపోయేది అదే. లోపలి క్లచ్చి పలకలను ఒత్తిడితో బిగించి గేరు పట్టించేది అదే. అక్కడ పుట్టిన వేడిని బయటి కూలరు దాకా మోసుకెళ్లి చల్లార్చుకుని వచ్చేదీ అదే. ట్రాక్టరు నాగలిని పైకి లేపే హైడ్రాలిక్ సంగతి తెలిసిన రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నూనెకు ఒత్తిడి ఉంటేనే లిఫ్టు లేస్తుంది. ఒత్తిడి పోతే నాగలి నేల మీదే ఉంటుంది.

ఆ ఒత్తిడి పోయే తీరు కూడా రైతుకు తెలిసినదే. బావి మీది మోటారుకు నీటిమట్టం తగ్గి ఫుట్‌వాల్వు బయటపడితే ఏమవుతుంది? మోటారు నీటికి బదులు గాలి లాగుతుంది. తిరుగుతూనే ఉంటుంది, నీరు రాదు, మోటారు కాలుతుంది. గేరు పెట్టె అడుగున పళ్లెంలాంటి ప్యాను ఒకటి ఉంటుంది. నూనె అందులో నిలుస్తుంది. పంపు అక్కడినుంచే ఫిల్టరు ద్వారా లాక్కుంటుంది. మట్టం తగ్గితే, మలుపులోనో ఎత్తు ఎక్కేటప్పుడో నూనె ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీలుస్తుంది. ఒత్తిడి తగ్గుతుంది. పలకలు గట్టిగా పట్టవు, జారతాయి. జారితే వేడి. వేడికి నూనె మాడుతుంది. మాడిన నూనె ఇంకా జారనిస్తుంది. కారు నడిపేవారికి మొదట కనిపించే గుర్తులు చిన్నవే. లివరు డి దగ్గర పెట్టాక కారు ఒక్క క్షణం ఆలోచించి, కుదుపుతో కదులుతుంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను రొద పెరుగుతుంది గాని వేగం పెరగదు. అప్పటికే ఆలస్యం మొదలయిందన్నమాట.

చుక్కే కదా అని తీసిపారేసేవారు ఒకసారి లెక్క కట్టి చూడాలి. నిమిషానికి ఒక చుక్క పడితే రోజుకు 1,440 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు అన్న మందుల సీసా లెక్కన రోజుకు 72 మిల్లీలీటర్లు, రెండు వారాలకు లీటరు. నూనె చుక్క నీటి చుక్క కన్నా చిన్నది కాబట్టి మూడు వారాలనుకున్నా, మొత్తం పట్టేదే ఎనిమిది లీటర్ల దరిదాపు ఉండే పెట్టెకు లీటరు లోటు చిన్నది కాదు. పైగా ఈ చుక్కలు కారు నిలబడి ఉన్నప్పటివి. ఇంజను తిరుగుతూ, నూనె వేడెక్కి పలచబడి, ఒత్తిడి మీద ఉన్నప్పుడు కారేది దారి పొడుగునా పోతుంది. దాన్ని ఎవరూ చూడరు.

ఒక్కరు మాత్రం చూస్తారు. డ్రైవరు. పొద్దున్నే కారు తుడిచేవాడు అతనే, పక్కకు తీసినప్పుడు నేల మీది మరకను చూసేవాడూ అతనే. మరి ఎందుకు చెప్పడు? చెప్పినవాడికి ఏం జరుగుతుందో జిల్లాలో ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు. "అయ్యగారూ, బండి కింద ఆయిలు పడుతోందండి" అని అతను అనడం, "నిన్నటిదాకా లేనిది ఇవాళెక్కణ్ణుంచి వచ్చిందిరా? ఏ స్పీడు బ్రేకరుకో కొట్టించి ఉంటావు" అని యజమాని అనడం. తర్వాత జీతంలో కోత అనే మాట. రెండోసారి ఆ డ్రైవరు నోరు విప్పడు. జేబులోంచి డబ్బు పెట్టి ఒక డబ్బా నూనె కొని, తెలిసిన షెడ్డులో పోయించి, పెళ్లిళ్ల రోజులు గడిస్తే చాలనుకుంటాడు. కారు చెడింది రాయి తగిలి కాదు, యజమాని నోరు తగిలి. సాధారణంగా కారే చోటు వయసుతో గట్టిపడిన రబ్బరు. దానికి డ్రైవరు ఏం చేస్తాడు? మరక చూసి చెప్పినవాడిని తిట్టే ఇంట్లో ఎంత మంచి కారైనా ఎక్కువ కాలం బతకదు. మరకల సంగతి ఎంత తొందరగా చెబితే అంత మెచ్చుకునే యజమానికి ఖర్చు తగ్గుతుంది. ఇది ధర్మపన్నం కాదు, లెక్క.

ఇక పోయించే సంగతి. కారేదాన్ని ఆపకుండా మళ్లీ మళ్లీ పోయడం మరమ్మతు కాదు, వాయిదా. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. అయినా షెడ్డుకు వెళ్లినవారికి రెండే మాటలు వినిపిస్తుంటాయి. ఒక చోట "పోసుకుంటూ తిరగండి, ఏం కాదు" అంటారు. ఇంకో చోట "గేరు బాక్సు దించాలి, లక్షల పని" అంటారు. ఈ రెంటికీ నడుమ అసలు ప్రశ్న ఒకటుంది. ఎక్కడ కారుతోంది? అది చూపించకుండా ధర చెప్పిన మేస్త్రీ మాట నమ్మడం సబబు కాదు.

దీనికి మెర్సిడెస్ బెంజి పాత పెట్టె ఒక మంచి ఉదాహరణ. ఆ సంస్థ 1996లో మొదలుపెట్టి, ఎన్నో ఏళ్లపాటు సి, ఈ, ఎస్ తరగతుల కార్లలో వాడిన అయిదు గేర్ల ఆటోమేటిక్ పెట్టె ఒకటుంది. దాని నంబరు 722.6. గట్టి పెట్టె అని పేరు. సరిగా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. దానికి ఒక బలహీనమైన చోటు ఉంది. గేర్లు మార్చమని కంప్యూటరు పంపే కరెంటు తీగలు పెట్టెలోకి వెళ్లే చోట, పక్కన ఒక ప్లాస్టిక్ ప్లగ్గు ఉంటుంది. పదమూడు పిన్నుల ప్లగ్గు. దాని చుట్టూ సన్నని రబ్బరు రింగులుంటాయి. పదేళ్ల వేడికి ఆ రబ్బరు అప్పడంలా గట్టిపడుతుంది. అక్కడ నూనె ఊరడం మొదలవుతుంది. ప్యాను అంచు మీదికి జారి, ప్యాకింగు పోయిందేమో అనిపిస్తుంది. మేస్త్రీ ప్యాకింగు మారుస్తాడు. వారం తర్వాత మళ్లీ మరక. ఇంకొకరు బోల్టులు బలంకొద్దీ బిగిస్తారు. ప్యాను అంచు వంగి, అంతవరకు లేని కారుడు కొత్తగా మొదలవుతుంది.

విడ్డూరం ఏమిటంటే, అక్కడ ఊరిన నూనె కిందికే కాదు, పైకి కూడా పోతుంది. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పీల్చినట్టు, తీగల కట్ట ఆ నూనెను లోలోపలే పీల్చుకుని, మీటరుకు పైగా ఎక్కించి, ముందు భాగంలో ఉన్న కంప్యూటరు పెట్టె దాకా చేరుస్తుంది. కంప్యూటరు పిన్నుల మీద నూనె చేరాక కారు పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఒక్కోసారి రెండో గేరులో చిక్కుకుపోతుంది. ఇక మారదు. రోడ్డు మీద ట్రాక్టర్లు కూడా దాటిపోతుంటే అరకోటి కారు మూలుగుతూ పాకుతుంది. అప్పుడు చూసినవారు గేరు పెట్టె పోయిందంటారు, కాదంటే కంప్యూటరు పోయిందంటారు. మొదలు మాత్రం ఆ రబ్బరు రింగు. ఆ ప్లగ్గు మార్చడానికి పెట్టె దించనక్కర్లేదు. కారును పైకి లేపి, తీగల కనెక్టరు తిప్పి లాగి, నడుమనున్న ఒక్క చిన్న బోల్టు విప్పితే ప్లగ్గు చేతికొస్తుంది. కొత్తది పెట్టి, కంప్యూటరు పిన్నుల మీది నూనెను కాంటాక్టు క్లీనరుతో కడిగి, పనిలో పనిగా ఫిల్టరు, ప్యాకింగు, నూనె మార్చుకుంటే తెలిసిన మేస్త్రీకి ఒక పూట పని.

బి.ఎం.డబ్ల్యు. వారిదీ ఇదే కథ, పాత్రలు వేరు. జర్మనీలో గేరు పెట్టెలు చేసే జడ్.ఎఫ్. అనే సంస్థ ఆరు గేర్ల పెట్టె 2001లో ఆ కంపెనీ 7 సిరీస్ కార్లలో మొదలై, తర్వాత ఎన్నో నమూనాలకు వెళ్లింది. అందులో కూడా కరెంటు తీగలు లోపలికి వెళ్లే చోట ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని చుట్టూ రబ్బరు రింగులు. అవి గట్టిపడితే కారుతుంది. అయితే అక్కడ గొట్టం లాగాలంటే లోపల ఒక చిలుకు తియ్యాలి, ఆ చిలుకు అందాలంటే ప్యాను దించక తప్పదు. ఆ ప్యాను చాలా వాటిలో ప్లాస్టిక్‌ది. ఫిల్టరు దానిలోనే కలిసి ఉంటుంది. వేడికి ప్యాను వంకరపోయి అంచుల దగ్గర కూడా చెమరుస్తుంది. కాబట్టి ప్యాను దించినప్పుడే గొట్టం కూడా మార్చుకోవడం తెలివైన పని. ఒక్కటి మార్చి, ఒక్కటి మిగిల్చి, రెండుసార్లు కూలి ఇచ్చుకున్నవారు ఉన్నారు.

ఇంత తెలిసిన కంపెనీలు కొన్నవారికి ముందే చెప్పలేదా అన్న సందేహం రావచ్చు. ఇక్కడే కంపెనీలను తప్పు పట్టాలి. ఈ పెట్టెలలో పోసిన నూనె జీవితకాలం మార్చనక్కర్లేదన్న మాట చాలా ఏళ్లు ప్రచారంలో ఉంది. ఎవరి జీవితకాలం? కారుదా, కొన్నవాడిదా, గ్యారంటీ కాగితానిదా? బెంజి వారు ఈ 722.6 పెట్టెకు మొదట అదే మాట చెప్పి, తర్వాత 60,000 కిలోమీటర్ల దగ్గర ఒకసారి మార్చాలని తమ మాటే సవరించుకున్నారు. జడ్.ఎఫ్. వారైతే తమ పెట్టెలకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లు తిరిగాకనో, ఎనిమిదేళ్లకో నూనె మార్చడం మంచిదని చెబుతున్నారు. పెట్టె చేసినవాడు మార్చమంటాడు, కారు చేసినవాడు అక్కర్లేదంటాడు. నడుమ నలిగేది రెండో చేతి మీదనో మూడో చేతి మీదనో కొన్నవాడు. మొదటి యజమాని నాలుగేళ్లు తిరిగి అమ్మేస్తాడు. ఆయనకు జీవితకాలం నిజంగానే సరిపోయింది. పల్లెకు చేరిన కారుకు మాత్రం ఆ జీవితం అప్పటికే తీరిపోయి ఉంటుంది.

దీనికి తోడు మట్టం చూసే దారి మూసేశారు. పాత పెట్టెలకు ఇంజను నూనెకు ఉన్నట్టే పుల్ల ఉండేది. బెంజి 722.6కు గొట్టం ఉంది గాని పుల్ల లేదు. మూతకు తాళపు పిన్ను, వర్క్‌షాపు వారే తెరవాలన్న మాట. చూసే పుల్ల విడిగా కొనుక్కోవాలి. ఇంజను నడుస్తూ ఉండగా, నూనె 80 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు చూడాలి. జడ్.ఎఫ్. ఆరు గేర్ల పెట్టెకు గొట్టం కూడా లేదు. కారును సమానంగా పైకి లేపి, ఇంజను నడుపుతూ, నూనె 40 డిగ్రీల దరిదాపున ఉన్నప్పుడు పక్క మూత విప్పి, అక్కడినుంచి సన్నని ధార పొర్లే దాకా పోయాలి. ఆ వేడి చూడటానికి స్కానరు కావాలి. అంటే చల్లని పెట్టెలో కంటి అందాజుగా లీటరు పోసి పంపినవాడు మట్టం సరిచేసినట్టు కాదు. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. ఎక్కువైన నూనెను తిరిగే చక్రాలు చిలికి నురగ చేస్తాయి. ఆ నురగ గాలి రంధ్రంలోంచి బయటికి తన్నుతుంది. కారు మళ్లీ కారుతోందని ఇంకో లీటరు పోయించినవారు కూడా లేకపోలేదు.

ఏ నూనె అన్నది ఇంకో తగవు. ఎర్రగా ఉన్నదల్లా ఒకటి కాదు. ఏటీఎఫ్‌కు ఎక్కువగా ఎర్ర రంగు కలపడానికి కారణం, కారితే ఇంజను నూనెతో పోల్చి గుర్తుపట్టడానికే. రంగును బట్టి రకం తెలియదు. బెంజి వారి తర్వాతి ఏడు గేర్ల పెట్టెల కోసం వచ్చిన ఒక రకం నీలంగా కూడా ఉంటుంది. పాత 722.6కు పోసే నూనె డబ్బా మీద 236.14 అన్న అంకె ఉందో లేదో చూడాలి. అంతేగాని పవరు స్టీరింగులో పోసేదీ ఇదేనంటూ షెల్ఫులోంచి అందిన డబ్బా తీసి పోస్తే, క్లచ్చి పలకలు పట్టే తీరే మారిపోతుంది. ఈ నూనెలో కలిపే మందుల మీదే అంతా ఆధారపడి ఉంది. ఒకప్పుడు అమెరికాలో ఆ మందుగా సముద్రపు తిమింగలం నూనె కలిపేవారంటే ఇప్పటివారికి వింతగా ఉంటుంది. 1970ల మొదట్లో అక్కడి ప్రభుత్వం తిమింగలాలను కాపాడే చట్టాలు చేశాక, ఆ నూనె దొరక్క కంపెనీలు కొత్త రకాలు తయారుచేసుకోవలసి వచ్చింది. ఒక్క సరుకు మారితే పెట్టెలు మొరాయిస్తాయని పెద్ద పెద్ద కంపెనీలే తలలు పట్టుకున్న సంగతి అది. ఊరి దుకాణంలో ఏదో ఒకటి పోస్తే సరిపోతుందనుకోవడం ఎంత సాహసం!

కారుడు ఆపే మందు అంటూ సీసాలు అమ్ముతారు. గట్టిపడిన రబ్బరును కాస్త ఉబ్బించి కొన్నాళ్లు ఆపే గుణం వాటిలో కొన్నింటికి ఉంది. దూర ప్రయాణంలో ఇంటికి చేరడానికైతే సరే. విరిగిన ప్లాస్టిక్‌కు, వంగిన ప్యానుకు, చిరిగిన గొట్టానికి అది ఏమీ చేయలేదు. అమ్మబోయే ముందు రోజు ఆ సీసా పోసే పద్ధతి కూడా ఉన్నది. అందుకే కొనేటప్పుడు కింద కడిగి మెరిపించిన కారును చూసి మురిసిపోకూడదు. కడిగిన కారు ఏమీ చెప్పదు. దుమ్ము పట్టిన కారు నిజం చెబుతుంది. నూనె కారిన చోట దుమ్ము మందంగా నల్లగా అంటుకుని ఉంటుంది. కొనే కారును గంటసేపు తిప్పి, చదివేసిన దినపత్రిక కింద పరిచి, రాత్రంతా నిలబెట్టి చూడాలి. ఒక్క రాత్రికి కారు ఇవ్వనన్న అమ్మకందారుడితో బేరం మానుకోవడమే మేలు.

పత్రిక మీద పడిన చుక్క చాలా సంగతులు చెబుతుంది. ఎండాకాలం కారు ముందు భాగం కింద పడేది నీరైతే, అది ఏసీ నీరు. భయం లేదు. గోధుమ రంగో నలుపో అయితే ఇంజను నూనె. ఆకుపచ్చనో గులాబీనో అయి నీళ్లలా ఉంటే రేడియేటరు నీరు. ముందు చక్రాల నడుమ ఎర్రగా జిగటగా ఉంటే పవరు స్టీరింగుది కావచ్చు, రేడియేటరుకు వెళ్లే గేరు నూనె గొట్టాలది కావచ్చు. కారు నడుమ, ముందు సీట్ల కింద పడితే గేరు పెట్టెదే. ఇంజనూ పెట్టే కలిసే చోట నుంచి పడితే అదే బరువైన పని. అక్కడి సీలు మార్చాలంటే పెట్టె దించక తప్పదు. ఆ మాట మేస్త్రీ చెప్పినప్పుడు కూడా, కింద శుభ్రంగా తుడిచి, పది కిలోమీటర్లు తిప్పి, ఎక్కడ మొదట తడి పడిందో కంటికి చూపించమనాలి. పైన ఇంజను నుంచి జారిన నూనె అక్కడికే చేరడం కద్దు.

చుక్క పడకుండానే చేటు చేసే కారుడు ఒకటుంది. చాలా కార్లలో గేరు నూనెను చల్లార్చే గది రేడియేటరు లోపలే ఉంటుంది. ఆ గోడ బీటవారితే నీరూ నూనే లోపలే కలిసిపోతాయి. నేల మీద మరకే ఉండదు. 2000ల తొలినాళ్ల బెంజి కార్లు కొన్నింటిలో ఇది జరిగింది. నూనె తీసి చూస్తే రోజ్ మిల్కులా ఉంటుంది. ఆ రంగు కనిపించాక బండిని ఒక్క అడుగు కూడా నడపకూడదు. క్లచ్చి పలకల మీది పొరను ఆ నీరు ఊడదీస్తుంది. పాత కారు కొన్నవారు నూనెతో పాటు రేడియేటరు కూడా ఒకసారి చూపించుకోవడం దండగ ఖర్చు కాదు.

బండి దారిలో ఆగిపోయిందనుకుందాం. పల్లెలో వెంటనే గుర్తొచ్చేది ట్రాక్టరూ తాడూ. మామూలు గేర్ల కారుకు అది నడుస్తుంది. ఆటోమేటిక్ కారుకు మాత్రం చేటు. లోపలి పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగిపోయాక పంపు తిరగదు, నూనె పాకదు. వెనక చక్రాలు నేల మీద దొర్లుతూ పెట్టె లోపలి భాగాలను ఎండగా తిప్పుతాయి. పది పదిహేను కిలోమీటర్లు లాగి ఇంటికి చేర్చామని సంతోషించేలోగా, అంతవరకు బాగున్న భాగాలు కూడా అరిగిపోతాయి. అలాంటి కారును చక్రాలు నేల తాకకుండా లారీ మీదికి ఎక్కించే తీసుకెళ్లాలి. ఖర్చు అనిపించినా అదే చవక.

కిందికి దూరి చూసేవారి సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు టన్నుల దగ్గర బరువు ఉండే కారును ఒక్క జాకీ మీద నిలబెట్టి, పక్కన రెండు ఇటుకలు పేర్చి, కుర్రవాణ్ణి కిందికి పంపే అలవాటు షెడ్లలో ఇంకా పోలేదు. జాకీ జారితే ఆ కుర్రవాడి ప్రాణం. గేరు పెట్టె పని చేసేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి, నూనె కాగి ఉండాలి, పక్కనే సైలెన్సరు గొట్టం నిప్పులా ఉంటుంది. గుంట గాని, లిఫ్టు గాని లేని షెడ్డుకు ఈ పని ఇవ్వకూడదు. ఇస్తే ఆ పాపంలో కారు యజమానికి కూడా వాటా ఉంటుంది. షెడ్డు మేస్త్రీలను తక్కువ చెయ్యడం కాదు ఇది. అంబాసిడరు కారును కళ్లు మూసుకుని విప్పి బిగించిన చేతులు అవి. నేర్పేవారుంటే ఈ పెట్టెలూ వారికి లొంగుతాయి. చిన్న కార్లలో కూడా ఆటోమేటిక్ గేర్లు వచ్చేసిన ఈ రోజుల్లో, జిల్లాలోని ఐటీఐలు మోటారు మెకానిక్ పిల్లల చేత ఇటువంటి పెట్టె ఒకటి విప్పించి బిగించనిస్తే, పుట్టిన ఊరు వదలకుండానే వారికి పని దొరుకుతుంది. స్కానరు ఒకటి, పుల్ల ఒకటి, కొలత గుర్తులున్న డబ్బా ఒకటి ఉంటే సగం షెడ్డు సిద్ధమైనట్టే.

కొలత డబ్బా ఎందుకంటే, పెట్టెలోంచి తీసిన నూనెను పారబోసే ముందు కొలవాలి. ప్యాను దించితే నాలుగు లీటర్ల దాకా వస్తుంది. తతిమ్మాది కన్వర్టరులో ఉండిపోతుంది. తీసింది రెండున్నరే ఉంటే, ఎంత కారిందో అక్కడే తెలిసిపోతుంది. ఆ డబ్బాను యజమానికి చూపించి మరీ కొత్త నూనె పోసే మేస్త్రీని వదులుకోకూడదు. ప్యాను అడుగున అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పొడి కాస్త అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. మెరిసే పలుకులు కనిపిస్తే మాత్రం, రబ్బరు రింగుతో సరిపెట్టే దశ దాటిపోయిందని చెప్పేయాలి.

తీసిన పాత నూనెను షెడ్డు వెనక కాలువలో పోసే పద్ధతి మాత్రం వెంటనే మానాలి. వాడిన నూనె 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. దాన్ని డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న కొనుగోలుదారుకే ఇవ్వాలి. చెదలు పట్టకుండా కంచె గుంజలకు పూయడం పాతకాలపు అలవాటే గాని, వాన పడితే అది చేలోకే దిగుతుంది. కాలువలో పోసినది కింది ఊరి చేపల చెరువులో తేలుతుంది. పెద్ద కారు పోసిన ఎర్ర చుక్కను ఆ చెరువు రైతు తుడుచుకోలేడు.